జబ్బ కండ వాచినప్పుడు: ఎప్పుడు రుద్దొద్దు, ఎప్పుడు బరువు పట్టాలి

వానాకాలం పత్తికి మందు కొట్టే రోజుల్లో రైతుకు ఎడమ జబ్బ పట్టేస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దించే హమాలీకి మోచేతి పైన, ముందువైపు కండ సలుపుతుంది. అక్కడి కొత్తవాడలో దరీ (నేల మీద పరిచే జంపకానా) మగ్గం ముందు కూర్చొని పొద్దంతా పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, పేక దిగ్గొట్టే మనిషికి భుజం ముందు భాగం గుంజుతుంది. ముగ్గురూ చెప్పేది జబ్బ నొప్పి అనే. ముగ్గురికీ ఇంట్లో జరిగే మొదటి వైద్యం కూడా ఒకటే: నూనె వేడి చేసి గట్టిగా రుద్దడం. కానీ ముగ్గురిలో దెబ్బతిన్న చోటు ఒకటి కాదు. అందులో కనీసం ఒకరికి ఆ రుద్దుడుతో నష్టం జరుగుతుంది.

కాబట్టి ముందు చోటు తేల్చుకోవాలి. అది తేలాక మిగతా పని పెద్ద కష్టం కాదు.

లోపల ఏముంది

జబ్బ ముందువైపు ఉబ్బే కండ బైసెప్స్. మోచెయ్యి మడవడం, అరచెయ్యిని పైకి తిప్పడం దాని పని. కింద ఒకటే కొస, పైన మాత్రం రెండు. ఆ రెండింటిలో పొడవాటిది భుజం కీలు లోపలి నుంచి మొదలై, జబ్బ బొక్క ముందున్న సన్నని గాడిలోంచి కిందికి దిగుతుంది. కండను బొక్కకు పట్టి ఉంచే ఈ గట్టి భాగాన్ని స్నాయువు అంటారు, డాక్టర్లు టెండన్ అంటారు. చెయ్యి ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా అది ఆ గాడిలో, గిరక మీద చేదతాడు ఒరిసినట్టు ఒరుసుకుంటుంది. జబ్బ ముందు నొప్పుల్లో చాలా వాటికి మూలం ఈ గాడే.

వెనకవైపు కండ ట్రైసెప్స్, మోచెయ్యి చాపడానికి. బైసెప్స్ కింద, బొక్కను అంటుకొని బ్రాకియాలిస్ అనే కండ ఉంటుంది. పైకి కనపడదు, కానీ మోచేతికి దెబ్బ తగిలినప్పుడు కథంతా దానితోనే నడుస్తుంది. భుజాన్ని కప్పి ఉండేది డెల్టాయిడ్, సూది వేయించుకునే చోటు.

చోటు తేల్చుకోవడం

ఇంకో మనిషి సాయం ఉంటే పది నిమిషాల పని. ప్రతి పరీక్షా ముందు బాగున్న చేతికి చేసి చూడండి. తేడా అప్పుడే తెలుస్తుంది.

మోచెయ్యి ఒంటికి ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, భుజం కొసకు మూడు నాలుగు వేళ్ల కింద, ముందువైపు బొటనవేలితో నొక్కండి. అక్కడే ప్రాణం జిల్లుమంటే గాడిలోని స్నాయువు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇప్పుడు చెయ్యి నిటారుగా చాపి, అరచెయ్యి పైకి పెట్టి, ముందుకు భుజమంత ఎత్తుకు లేపండి. ఎదుటి మనిషి మణికట్టు దగ్గర కిందికి నొక్కాలి, మీరు ఆపాలి. భుజం ముందు నొప్పి లేస్తే అనుమానం బలపడ్డట్టు. మోచెయ్యి మడిచి ఉంచి, స్క్రూ బిగించినట్టు అరచేతిని పైకి తిప్పుతుంటే ఎదుటివారు మణికట్టు పట్టి ఆపే పరీక్ష ఇంకొకటి. ఇందులోనూ అక్కడే నొప్పి రావాలి.

నొప్పి గాడి దగ్గర కాకుండా కండ బొద్దులోనే ఉండి, నొక్కితే ఒక్క చోటే గుచ్చుకుంటూ ఉంటే కండ పోగులు తెగినట్టు. బల్ల మీద పిడికిలి పెట్టి కిందికి ఒత్తినప్పుడు జబ్బ వెనక గుంజితే అది ట్రైసెప్స్.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. జబ్బ బయటివైపు, సరిగ్గా సగంలో నొప్పి అని చూపిస్తారు. అక్కడ నొక్కితే పెద్దగా నొప్పి ఉండదు. కానీ చెయ్యిని పక్కకు ఎత్తుతుంటే సగం ఎత్తు దగ్గర, అంటే 60 నుంచి 120 డిగ్రీల మధ్య చురుక్కుమంటుంది, ఆ పైన తగ్గుతుంది. ఇది జబ్బ జబ్బు కాదు. భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాల నొప్పి కిందికి దిగి అక్కడ తెలుస్తుంది. ఆ చోట ఎంత మర్దన చేసినా, ఎన్ని పట్టీలు వేసినా ఫలితం ఉండదు.

మోచెయ్యి ఒంటికి ఆనించి పెట్టి, ఇంకొకరు ముంజేతిని మెల్లగా బయటికి తిప్పబోతే అసలే తిరగకపోతే భుజం బిగుసుకుపోయినట్టు. షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. షుగరు ఎప్పుడూ చూపించుకోనివాళ్లు ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి. మెడ తిప్పినప్పుడు నొప్పి మోచెయ్యి దాటి బొటనవేలి దాకా జారుతూ, తిమ్మిరి పడితే అది మెడలో నరం నొక్కుకుపోవడం.

ఇంటి వైద్యం జోలికి పోకూడని సందర్భాలు

ఎడమ జబ్బ గుంజుతూ ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, దవడకో వీపుకో పాకుతుంటే, చెయ్యి కదిపినా కదపకపోయినా నొప్పి ఒకేలా ఉంటే 108కి ఫోన్ చెయ్యాలి. షుగరు ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి చెయ్యి నొప్పి, ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకోవద్దు.

మందు కొట్టి వచ్చిన రోజు కండలు వాటంతట అవే అదురుతూ, చెమట, చొంగ, వాంతులు, చూపు మసక ఉంటే అది పురుగుమందు ఒంట్లోకి పోయిన గుర్తు. బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా కూడా వెంట పట్టుకొని దవాఖానకు తీసుకుపోవాలి. డబ్బా మీద పేరు చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలిసేది.

"టప్" మని చప్పుడై, జబ్బలో ముద్దలా కండ ఒకచోటికి చేరి, మర్నాటికి నల్లగా కమిలితే స్నాయువు తెగింది. భుజం దగ్గర తెగితే పెద్ద వయసువాళ్లకు ఆపరేషన్ లేకుండానే చాలావరకు పని జరుగుతుంది, కొంత బలం తగ్గుతుంది. మోచేతి దగ్గర తెగితే సంగతి వేరు. రెండు మూడు వారాల్లోపు కుట్టించుకోవాలి, ఆలస్యమైతే కొస పైకి ముడుచుకుపోయి కుట్టడం కష్టమవుతుంది.

జ్వరంతో పాటు కండ కట్టెలా బిగిసి ఎర్రబడితే లోపల చీము పట్టి ఉండొచ్చు. షుగరు ఉన్నవాళ్లకు, సూది వేసిన చోట ఈ ముప్పు ఎక్కువ. అలవాటు లేని బరువు పని చేసిన మర్నాడు కండలు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండ కరిగి కిడ్నీ మీద పడుతోందని అర్థం. ఆ రోజే అడ్మిట్ కావాలి. చెయ్యి మొత్తం ఒక్కసారిగా వాచి నీలిరంగు తిరిగితే రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఇవేవీ పొద్దున చూద్దాంలే అని ఆగేవి కావు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లు ఎంజీఎంకో, దగ్గరలోని పెద్ద దవాఖానకో వెంటనే పోవాలి.

మొదటి మూడు రోజులు

ముందు ఒక ఊరట. చాలా రోజుల తర్వాత పొలం పని మొదలుపెట్టినప్పుడు, జిమ్‌లో చేరినప్పుడు మర్నాటి నుంచి రెండు జబ్బలూ పచ్చిపుండులా ఉండటం దెబ్బ కాదు. 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో మూడో రోజు ముదిరి, వారంలోపు పోతుంది. దానికి చెయ్యి ఆడిస్తూ ఉండటమే మందు.

పని మధ్యలో ఒక్క క్షణంలో చురుక్కుమన్న నొప్పి అయితే అది కండ పోగులు తెగడం. అప్పుడు ఐసు పెట్టాలి. చారెడు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, తడిపిన పల్చటి తువ్వాలలో చుట్టి, 15 నిమిషాలు ఆనించండి. ఐసును నేరుగా చర్మానికి తాకనిస్తే చర్మం కమిలి బొబ్బ లేస్తుంది. రెండు మూడు గంటలకోసారి, మొదటి రెండు రోజులు చాలు. ఐసు నొప్పి తగ్గిస్తుంది, తెగిన పోగును అతికించదు. పెట్టలేకపోయినా కొంప మునిగేదేమీ లేదు. వాపు ఉంటే క్రేప్ బ్యాండేజీ మోచేతి దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి. వేళ్లు తిమ్మిరెక్కినా చల్లబడినా వదులు చెయ్యాలి, రాత్రి తీసెయ్యాలి.

ఈ మూడు రోజులు కాపడం, వేడి నూనె, సారా, కల్లు వద్దు. రుద్దడం అసలే వద్దు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇందులోనే. దెబ్బకు కండ లోపల రక్తం చేరుతుంది. ముఖ్యంగా మోచేతి పైన, బొక్కను అంటుకొని ఉన్న బ్రాకియాలిస్‌లో. దాన్ని కదపకుండా ఉంచితే శరీరం మెల్లగా పీల్చేసుకుంటుంది. రోజూ పిసికి, మోచేతిని బలవంతంగా చాపి, నాటు కట్టు కట్టి విప్పి మళ్లీ రుద్దితే ఆ రక్తపు గడ్డ చోట కండలోనే బొక్క పెరగడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకు ఎక్స్‌రేలో తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. అప్పటికి మోచెయ్యి సగంలో ఆగిపోయి ఉంటుంది. మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు దీన్ని. చెట్టు మీద నుంచో సైకిల్ మీద నుంచో పడ్డ పిల్లలకు మోచేతి దగ్గర వాపు ఉంటే ఎక్స్‌రే తీయించేదాకా ఎవ్వరినీ చెయ్యి వేయనివ్వకండి. పసుపు, సున్నం పట్టు వేసేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి: సున్నం పాలు ఎక్కువైతే చర్మం కాలుతుంది.

నాలుగో రోజు నుంచి కాపడం పెట్టుకోవచ్చు. దొడ్డుప్పు మూకుట్లో వేయించి బట్టలో మూటగట్టి పెట్టినా, వావిలాకు మరిగించిన నీళ్లలో తువ్వాల ముంచి పిండి పెట్టినా పనిచేసేది వేడే. 15 నిమిషాలు సరిపోతుంది. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు వేడి ఎంతుందో ముందు ఇంకొకరి చేతికి ఆనించి చూపించుకోవాలి.

గోలీల సంగతి

పెద్దవాళ్లకు పారాసిటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు గోలీలు దాటకుండా. రోజూ తాగేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు అంత కూడా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. డైక్లోఫెనాక్ జెల్ రోజుకు మూడు నాలుగు సార్లు పల్చగా రాస్తే కడుపుకు ఇబ్బంది తక్కువ. రాయడమంటే రాయడమే, రుద్దడం కాదు. ఐబూప్రోఫెన్ 400 వేసుకుంటే అన్నం తిన్నాక, రోజుకు మూడుకు మించకుండా, మూడు నాలుగు రోజులు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు, గర్భం ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. బీపీ మందులు వాడేవాళ్లు అడిగి వేసుకోవాలి. వానాకాలంలో ఒళ్లు నొప్పులతో పాటు జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఏ నొప్పి గోలీ ముట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటే సాయంత్రానికి చెయ్యి తేలికవుతుంది. ఆ తేలిక ఎక్కడిదో అడగాలి. చాలాసార్లు నొప్పి మందుకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. షుగరు ఎగబాకుతుంది. నొప్పి తెలియక మర్నాడే బస్తా ఎత్తితే సగం తెగింది పూర్తిగా తెగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుండగా స్నాయువు నొప్పి మొదలైతే మందు ఆపే విషయం ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

ఇంకో మాట. నెలల తరబడి ఉన్న గాడి నొప్పిని స్నాయువు వాపు అంటారు గానీ లోపల వాపు పెద్దగా ఉండదు. పోగులు అరిగి, వరస తప్పి ఉంటాయి. గోలీలు మొదటి వారం పది రోజుల తర్వాత పనిచేయకపోవడానికి కారణం అదే. అరిగిన స్నాయువును మళ్లీ గట్టిపరిచేది లెక్క ప్రకారం పెంచే బరువు. పూర్తిగా కట్టేసి కూర్చోబెడితే అది ఇంకా బలహీనమవుతుంది.

బరువు పెంచే క్రమం

మొదటి మెట్టులో కదలిక ఉండదు. కుర్చీలో కూర్చొని, మోచెయ్యి మడిచి, అరచేతిని బరువైన బల్ల కిందివైపు ఆనించి సగం బలంతో పైకి నెట్టండి. 30 సెకన్లు పట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ. ఐదుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఊపిరి బిగపట్టొద్దు. కండ పోగులు తెగినవాళ్లు ఐదారు రోజులు ఆగి, సగం కన్నా తక్కువ బలంతో మొదలుపెట్టాలి.

వారానికి నొప్పి దిగితే లీటర్ నీళ్ల బాటిల్ పట్టుకోండి, అది కిలో బరువు. పైకి లేపేటప్పుడు రెండో చేతి సాయం తీసుకోండి. దించేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ఒక్కటే, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించాలి. గుట్టంతా ఈ దించడంలోనే ఉంది. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. వారానికి అరకిలో పెంచండి. అదే బాటిల్లో పొడి ఇసుక నింపితే దాదాపు కిలోన్నర అవుతుంది, డంబెల్ కొనక్కర్లేదు. దీంతో పాటు రెండు రెక్కల బొక్కలను వెనక్కి దగ్గరికి లాగి ఐదు సెకన్లు పట్టడం, పదిహేను సార్లు. భుజాలు ముందుకు వంగి ఉంటే గాడి ఇరుకై స్నాయువు మళ్లీ ఒరుసుకుంటుంది.

ఎంత నొప్పి వరకు చెయ్యొచ్చు అంటే, పదిలో మూడు వరకు ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికి నొప్పి నిన్నటికన్నా పెరిగి ఉంటే బరువు ఎక్కువైంది, వెనకటి మెట్టుకు దిగండి. ఇక్కడ చెడేది ఎక్కువగా రెండు రకాలుగా. నొప్పి పోగానే మూడో వారంలో మానేసేవాళ్లు, పోయింది కదా అని ఒకేసారి 50 కిలోల బియ్యం బస్తా ఎత్తేవాళ్లు. చిన్న కండ దెబ్బ రెండు మూడు వారాల్లో, సగం తెగింది నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. స్నాయువుకు ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

అప్పటిదాకా తల పైకి చెయ్యి ఎత్తే పనులు, దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీద సామాను దించడం ఇంకొకరికి అప్పజెప్పండి. ఆ పక్కకు తిరిగి పడుకోవద్దు. వెల్లకిలా పడుకొని మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టుకుంటే రాత్రి సలుపు తగ్గుతుంది.

పని దగ్గర మార్చాల్సినవి

చేతిపంపు స్ప్రేయర్ సంగతి ముందు. 16 లీటర్ల డబ్బా నిండా పోస్తే నీళ్లే 16 కిలోలు, పంపు బరువు వేరే. కుడిచేత్తో గన్ను పట్టుకుంటారు కాబట్టి పొద్దంతా పంపు పిడి (లివర్) కొట్టేది ఎడమ చెయ్యే. డబ్బా కిందికి జారి ఉంటే లివర్ కొట్టేందుకు మోచెయ్యి వెనక్కి పోతుంది, ప్రతి దెబ్బకూ స్నాయువు గాడి అంచుకు ఒరుసుకుంటుంది. పట్టీలు బిగించి డబ్బాను వీపు పైభాగానికి తెండి. 10, 12 లీటర్లకు మించి పోయకండి. లివర్‌ను రెండో వైపుకు మార్చుకునే వీలు చాలా పంపుల్లో ఉంటుంది, బోల్టు విప్పి చూడండి. వాషర్ అరిగితే గాలి పట్టక దెబ్బలు రెట్టింపు కొట్టాల్సి వస్తుంది. చవకైన ఆ ముక్క మార్చకుండా జబ్బకు మందు వాడటంలో అర్థం లేదు. ఎకరాలు ఎక్కువ ఉంటే బ్యాటరీ పంపే నయం.

బస్తా ఎత్తేటప్పుడు అరచేతులు పైకి పెట్టి ముంజేతుల మీద మోస్తే భారమంతా బైసెప్స్ మీద పడుతుంది. బస్తాను ఛాతీకి ఆనించి, మోకాళ్లతో లేవాలి. లారీ మీది నుంచి జారే బస్తాను ఒక్క చేత్తో ఆపబోవడం మోచేతి దగ్గర స్నాయువు తెగే సందర్భాల్లో ముఖ్యమైనది. జారేదాన్ని జారనివ్వండి. మగ్గం ముందు కూర్చునేవారు పంజా దెబ్బ పడే చోటు మోచేతి ఎత్తుకు వచ్చేలా పీట ఎత్తు సరిచేసుకోవాలి. నిలువు మగ్గమైతే అల్లిక పైకి పోయేకొద్దీ పీట కూడా పెరగాలి.

ఆరు వారాలైనా తగ్గకపోతే

ఎముకల డాక్టరుకు చూపించండి. ముందు ఎక్స్‌రే, దాని వెంట భుజం అల్ట్రాసౌండ్. స్నాయువు తెగిందా, గాడిలోంచి జారిందా, చుట్టూ నీరు చేరిందా అందులో తెలుస్తుంది. ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. స్టెరాయిడ్ ఇంజక్షన్ అవసరమైతే స్నాయువు చుట్టూ ఉండే పొరలోకి, స్కాన్ చూస్తూ వేయించుకోవడం మంచిది. స్నాయువులోకే పోతే అది తెగే ప్రమాదం ఉంది. షుగరు ఉన్నవాళ్లు ఆ తర్వాత వారం పాటు రోజూ చూసుకోవాలి.

రెండు జబ్బలూ ఒకేసారి, పెద్ద నొప్పి లేకుండానే బలం తగ్గుతూ వస్తే దారి వేరు. తల దువ్వుకోలేకపోవడం, నీళ్ల బిందె ఎత్తలేకపోవడం, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోవడం నెలల మీద ముదురుతాయి. కొందరికి కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి పొక్కులు వస్తాయి. ఒంటి రక్షణ వ్యవస్థే కండల మీద తిరగబడే మయోసైటిస్ ఇలా ఉంటుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ గోలీలు, థైరాయిడ్ తగ్గడం, డి విటమిన్ లోపం కూడా కండలను ఇలాగే దెబ్బతీస్తాయి కాబట్టి సీపీకే అనే రక్తపరీక్షతో పాటు అవి కూడా చూస్తారు. దీనికి చూపించాల్సింది రుమటాలజిస్టుకు, అంటే ఇలాంటి కీళ్ల, కండల జబ్బులు చూసే డాక్టరుకు. హైదరాబాద్ నిమ్స్ దవాఖానలో ఆ విభాగం ఉంది. మందులు నెలల తరబడి వాడాలి. బలం వచ్చింది కదా అని స్టెరాయిడ్ గోలీలు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మింగేటప్పుడు అన్నం గొంతులో అడ్డం పడుతున్నా, ఆయాసం మొదలైనా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా అదే రోజు పోవాలి.